కత్తెర ఈద్ తారీఖు చూసి కాదు, మొక్క మౌసమ్ చూసి పట్టాలి



రంజాన్ సగం దాటిందంటే మన మస్జిదుల్లో సఫాయి మొదలవుతుంది. గోడలకు సున్నం వేస్తారు, జానిమాజులు ఎండలో వేస్తారు, ఫ్యాన్ రెక్కలు తుడుస్తారు, హౌజ్‌లో నీళ్లు మారుస్తారు. ఇవన్నీ జరగాల్సినవే. వీటితో పాటే ఒకరోజు అసర్ నమాజ్ అయ్యాక పెట్రోల్ కటింగ్ మెషిన్ భుజాన వేసుకుని ఒకాయన వస్తాడు. గంటలో సహన్ చుట్టూ ఉన్న పొదలన్నిటినీ కోసేసి వెళ్తాడు. గోరింటైనా, మోతియా అయినా, మందారమైనా, కాగితం పూలైనా ఆయనకు ఒక్కటే. అన్నీ ఒకే ఎత్తు, అన్నీ డబ్బా ఆకారం. సదర్ సాబ్ చూసి "మాషా అల్లాహ్, ఎంత నీట్‌గా అయింది!" అంటారు. మజ్దూరీ చేతిలో పెడతారు. కథ అక్కడితో ఖతమ్ అనుకుంటారు.

కథ అసలు అక్కడే మొదలవుతుంది. మన మస్జిదుల్లో, ఖబ్రస్తాన్లలో, ఇళ్ల ముందు మొక్కలు ఎందుకు నిలవడం లేదో ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే: నీళ్లు తక్కువై పోతున్నవాటికన్నా కత్తెర తప్పుగా పడి పోతున్నవే నాకు ఎక్కువగా కనబడుతున్నాయి. మొక్క నాటడం సదఖా అని జుమ్మా బయానుల్లో చాలాసార్లు విన్నాం. నాటిన మొక్కను ఎలా కత్తిరించాలో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఈ నాలుగు మాటలు.

మా జిల్లాలో ఒక మస్జిద్ ఉంది, పేరు ఎందుకులెండి. 2024లో ఈద్ ఏప్రిల్ 11న వచ్చింది. దానికి వారం ముందు అక్కడి గోరింట వరసనూ, రెండు మోతియా పాదులనూ, వుజూఖానా పక్కనున్న గులాబ్ మొక్కలనూ మెషిన్‌తో బోడిచేశారు. ఈద్ రోజు చూడ్డానికి గీత గీసినట్టే ఉంది. మే వచ్చేసరికి గోరింట పైభాగం మాడింది. మోతియా ఆ ఏడు పది పూలు కూడా పూయలేదు. గులాబ్ కొమ్మలు చివర్ల నుంచి నల్లబడుతూ కిందికి ఎండాయి. బక్రీద్ నాటికి కమిటీ ఫైసలా చేసేసింది: "ఇక్కడి మట్టిలో బర్కత్ లేదు, పీకేసి టైల్స్ వేద్దాం." వేశారు. ఇప్పుడు జొహర్‌కి ఆ సహన్‌లో చెప్పుల్లేకుండా నాలుగు అడుగులు వేయలేం. ఇల్జామ్ మట్టి మీద పడింది, కసూర్ మాత్రం కత్తెరది. ఆ మట్టి తరఫున వకాలత్ చేయడానికే కూర్చున్నాను అనుకోండి.

ముందు తారీఖుల సంగతి చూద్దాం. మన హిజ్రీ సాల్ చంద్రుణ్ని బట్టి నడుస్తుంది, సుమారు 354 రోజులు. అందుకే ఈద్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2023లో ఏప్రిల్ 22, 2024లో ఏప్రిల్ 11, 2025లో మార్చి 31. 2030 నాటికి ఫిబ్రవరి మొదటి వారం దగ్గరికి చేరుతుంది. ఇలా అన్ని కాలాలూ తిరిగి రావడానికి సుమారు 33 ఏళ్లు పడుతుంది. రోజాదారుకు ఇందులో హిక్మత్ ఉంది. ఒక ఏడు చలిలో, ఒక ఏడు ఎండలో, ఒక ఏడు వానలో రోజాలు వస్తాయి. మొక్క మాత్రం సూరజ్‌ను చూసి బతుకుతుంది. దాని చిగురు, పూత, నిద్ర అన్నీ ఎండావానలకు కట్టుబడి ఉంటాయి. మన చాంద్ రాత్ ఏ నెలలో వచ్చిందో దానికి తెలియదు. ఈద్‌ను బట్టి కత్తిరించే మస్జిద్‌లో గులాబ్‌కు ఒక ఏడు మండుటెండలో కోత పడుతుంది, ఇంకో ఏడు నిండు పూతలో పడుతుంది. సరైన కాలంలో పడితే అది ఇత్తెఫాక్, అంతే.

కర్నూలు, కడప, ఖమ్మం, రామగుండం ఎండలు తెలిసినవాళ్లకు ఏప్రిల్ కోత అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. పొద లోపలి కొమ్మల బెరడు అప్పటిదాకా ఆకుల నీడలో పెరిగినది, లేతగా ఉంటుంది. పై ఆకులు ఒక్కసారిగా పోతే 40 డిగ్రీలు దాటిన ఎండ నేరుగా దాని మీద పడుతుంది. బెరడు కమిలి పగులుతుంది. కోత పడింది కాబట్టి మొక్క ఉన్న శక్తంతా పెట్టి కొత్త చిగుళ్లు వేస్తుంది. వడగాలికి ఆ చిగుళ్లు మాడతాయి. దాచుకున్నదీ పోయింది, కొత్తగా వచ్చిందీ పోయింది. మండే ఎండాకాలంలో ఎండిన కొమ్మ, విరిగిన కొమ్మ తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదు.

ఇక కోత పడినప్పుడు మొక్క లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ప్రతి కొమ్మ చివరా ఒక మొగ్గ ఉంటుంది. ఆక్సిన్ అనే హార్మోన్ అక్కడ తయారై కిందికి దిగుతూ, కింద కణుపుల్లో ఉన్న కళ్లను నిద్రపుచ్చుతుంది. ఇంటికి పెద్దాయన ఉన్నంతసేపు పిల్లలు గొంతెత్తరు చూడండి, అలాగన్నమాట. చివర తెగితే ఆ అదుపు పోతుంది. కోత కిందనున్న రెండు మూడు కళ్లు ఒకేసారి లేచి పక్క కొమ్మలవుతాయి. కత్తిరిస్తే మొక్క గుబురవుతుందనడానికి అసలు కారణం ఇదే. ఇంతవరకూ బాగానే ఉంది.

మెషిన్ కోతలో అన్ని కొమ్మల చివర్లూ ఒకే గీత మీద తెగుతాయి. కాబట్టి కొత్త చిగుళ్లన్నీ ఆ గీత దగ్గరే, పైపైనే వస్తాయి. మళ్లీ కోస్తే మళ్లీ అక్కడే. రెండు మూడేళ్లకు పైన అరచేయి మందాన పచ్చటి పెంకు తయారవుతుంది. వెలుతురు లోపలికి పోదు. వెలుతురు లేని చోట ఆకు నిలవదు. ఆ పొదను చేత్తో విడదీసి లోపల చూడండి, ఎండుపుల్లలు, సాలెగూళ్లు, పిండినల్లి కనబడతాయి. పైన పటారం లోన లొటారం అని మన పెద్దలు ఊరికే అనలేదు. పెంకు ఒకచోట చిల్లు పడితే లోపలి ఎండుపుల్లల దగ్గర చిగురు రాదు, ఆ బోడి అలాగే ఉండిపోతుంది. పూల పొదలకు ఇంకో నుక్సాన్ కూడా ఉంది. మందారం, నూరువరహాలు, గోరింట పూసేది కొమ్మల చివర్లలో. నెలకోసారి చివర్లు కోసే చోట అవి ఎప్పుడు పూయాలి?

మరి సరైన తరీఖా ఏది? అది కష్టమేమీ కాదు. కత్తెర తీసే ముందు మొక్క చుట్టూ ఒకసారి తిరగండి. మొదట ఎండిపోయినవి, తెగులు పట్టినవి, విరిగినవి తీసేయండి. దీనికి మౌసమ్ చూడక్కర్లేదు. తర్వాత ఒకదాన్నొకటి రాసుకుంటున్న కొమ్మల్లో ఒకటి ఉంచి ఒకటి తీయండి. బయటికి పోకుండా పొద నడుముకే తిరిగి వచ్చే కొమ్మ కూడా దండగే. ఇంతవరకు చేసి నాలుగు అడుగులు వెనక్కి వేసి చూడండి. సగం సార్లు ఇంకేం చేయనక్కర్లేదని తెలుస్తుంది.

ఎత్తు తగ్గించాలంటే అన్నిటినీ ఒకే గీతకు నరకొద్దు. అన్నిటికన్నా పొడవైన కొమ్మను పట్టుకుని, పొద లోపలికి చేయి పెట్టి, అది ఇంకో కొమ్మలో కలిసే చోటు దాకా వెళ్లి అక్కడ కోయండి. తర్వాత దాని తర్వాతి పొడవైన కొమ్మ. ఇలా అయిదారు తీసేసరికి ఎత్తు తగ్గుతుంది, ఆకారం చెడదు, కోతలు బయటికి కనబడవు. ఆ ఖాళీల్లోంచి వెలుతురు, గాలి లోపలికి పోతాయి, లోపలి కళ్లు లేస్తాయి. చూసినవాళ్లు "ఏం కోశావు, ఏమీ తెలియట్లేదే?" అనాలి. మాలీకి అంతకన్నా పెద్ద తారీఫ్ లేదు.

కొమ్మ మధ్యలో కోయాల్సి వస్తే కన్ను చూసి కోయాలి. ఆకు తొడిమ కొమ్మను తాకే చోట చిన్న ఉబ్బు ఉంటుంది, అదే కన్ను. దానికి పావు అంగుళం పైన, కొంచెం ఏటవాలుగా, నీళ్లు కంటి మీదికి కాకుండా అవతలి వైపు జారేట్టు కోయండి. మరీ దగ్గరగా కోస్తే కన్ను ఎండుతుంది. రెండంగుళాలు వదిలితే ఆ మొద్దు ఎండి, కుళ్లు కిందికి దిగుతుంది. పొద బయటి వైపు చూస్తున్న కంటినే ఎంచుకోండి, ఎందుకంటే కన్ను ఎటు చూస్తే కొమ్మ అటే పోతుంది.

లావు కొమ్మను పూర్తిగా తీసేయాలంటే దాని పుట్టుక దగ్గర చూడండి, మెడలా ఉబ్బెత్తుగా ఒక పట్టీ ఉంటుంది. ఆ మెడను ముట్టుకోకుండా దాని బయటి అంచున కోయాలి. గాయాన్ని కప్పుకునే పని జరిగేది అక్కడే. అమెరికా ఫారెస్ట్ సర్వీస్‌లో పనిచేసిన అలెక్స్ షైగో అనే ఆయన చెట్లను నిలువునా చీల్చి చూసి ఈ సంగతి తేల్చాడు. మన ఒంటి జఖ్మ్ మానినట్టు చెట్టు జఖ్మ్ మానదు. చెట్టు ఆ భాగం చుట్టూ లోపల గోడ కట్టేసుకుని, దాన్ని అలాగే వదిలేసి ముందుకు పోతుంది. కొమ్మ నరికిన చోట పెయింటు, తారు పూయడం వల్ల ఫాయిదా లేదని కూడా ఆయన పనితోనే తెలిసింది. గులాబ్ సంగతి వేరు. కొమ్మ చివర్ల నుంచి ఎండే జబ్బు దానికి ఎక్కువ కాబట్టి లావు కోతలకు రాగి మందు పేస్టు రాయడం మన దగ్గర మంచి రివాజే.

ఒక విడతలో మొక్కలో మూడో వంతు కన్నా ఎక్కువ తీయొద్దు. బాగా ముదిరి, కింద బోడైపోయిన పొదను మళ్లీ జవాన్ చేయాలంటే ఈ ఏడు ముసలి కొమ్మల్లో మూడో వంతు మొదలుకు తీయండి, వచ్చే ఏడు ఇంకో వంతు, ఆ పై ఏడు మిగిలింది. మూడేళ్లు సబర్ చేస్తే పొద మొత్తం కొత్తదవుతుంది, ఒక్క రోజు కూడా బోడిగా కనబడదు. గులాబ్, మోతియా, గోరింట ఇంతకన్నా గట్టి కోతకు తట్టుకుంటాయి, కాని వాటి వాటి కాలంలోనే.

ఆ కాలాలు చెబుతాను, ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. గులాబ్‌కు వానలు వెనక్కి తగ్గాక, అక్టోబర్‌లో. బలమైన నాలుగైదు కొమ్మలు ఉంచి, వాటిని సగం ఎత్తుకు కోయాలి. సుమారు ఆరేడు వారాలకు పూత. తర్వాత వాడిన పువ్వును తొడిమతో తుంచి ఊరుకోకుండా, కింద అయిదాకుల రెబ్బ దాకా కోస్తూ పోతే మళ్లీ మళ్లీ పూస్తుంది. అంటు గులాబ్‌కు అంటు ముడి కింద నుంచి వేరే రకం కొమ్మ దూసుకొస్తే దాన్ని పుట్టిన చోటికి వెతికి పీకేయండి. "మా ఎర్ర గులాబ్ దేశీ అయిపోయింది" అనే ఇళ్లలో జరిగింది ఇదే. పై మొక్క మారలేదు, కింది మొక్క దాన్ని మింగేసింది.

మోతియాకు, అంటే గుండుమల్లెకు, డిసెంబర్, జనవరి. ముందు కొన్ని రోజులు నీళ్లు తగ్గించి, తర్వాత నేల నుంచి మూరెడు ఎత్తుకు కోసి, మిగిలిన ఆకులు దూసి, ఎరువు వేసి నీళ్లు పెట్టాలి. మార్చి నుంచి పూలు. చమేలీకీ అదే కాలం. మందారానికి చలి పోయాక, ఫిబ్రవరి లోపల మూడో వంతు చాలు. నూరువరహాలకు గుత్తి వాడిన వెంటనే ఆ గుత్తి కింద రెండు కణుపులు, అంతే. అది నెమ్మదిగా పెరిగే మొక్క, గట్టి కోత మీద తొందరగా కోలుకోదు. కాగితం పూలకు ఒక విడత పూత రాలాక. కొత్త కొమ్మ మీదే పూస్తుంది కాబట్టి పూత అయ్యాక కోస్తే తర్వాతి పూత బాగా వస్తుంది, పూతకు ముందు కోస్తే ఆ విడత పోయినట్టే.

గోరింట గురించి వేరుగా చెప్పాలి, అది మన ఇళ్ల మొక్క. రాజస్థాన్‌లో పాలీ జిల్లా సోజత్ చుట్టూ దాన్ని వానాధారపు పంటగా వేస్తారు. వానలు పోయాక కొడవలితో నేలకు దగ్గరగా కోస్తారు, మొక్క మళ్లీ వానలకు లేస్తుంది. ఏళ్ల తరబడి ఒకే మొక్క నుంచి అలా కోత వస్తుంది. అంటే గోరింటకు గట్టి కోత కొత్త కాదు. ఏడాదికి ఒకసారి, దాని కాలంలో, వేరు బలం కూడగట్టుకునే వ్యవధి ఇచ్చి కోస్తారు. మన మస్జిద్ గోరింటకు ఆ వ్యవధి దొరకదు. నెలకోసారి మెషిన్, పైన చాంద్ రాత్ ముందు ఆడపిల్లలు ఆకు దూయడం. ఆకు కావాలంటే చిగురు కొమ్మను జానెడు కత్తెరతో కోసుకోండి. దూస్తే బెరడు చీలుతుంది, కళ్లు రాలిపోతాయి. ఒక పక్కన రెండు మొక్కలనైనా కోయకుండా వదిలేయండి. గోరింట పూత వాసన తెలియని పిల్లలు పెరుగుతున్నారు మన ఇళ్లలో. ఇత్తర్ దుకాణంలో హినా సీసా మూత తీసి "ఇది ఏ చెట్టుది?" అని అడుగుతున్నారు. ఆ చెట్టు వాళ్ల గేటు పక్కనే ఉంటుంది, పూయనివ్వకపోతే ఎలా తెలుస్తుంది?

పర్దా కోసం కంచె పెంచే ఇళ్లకు ఒక మాట. ప్రహరీ చిన్నదైన చోట డురాంటానో గోరింటనో వరసగా నాటి, తొందరగా ఎత్తు రావాలని రెండేళ్లు ముట్టుకోరు. ఆరడుగులు పెరిగాక పైన కోస్తారు. పైన గుబురు, కింద పుల్లలు. వీధిలో పోయేవాడికి మన వాకిలంతా కనబడుతుంది. మొక్కై వంగనిది మానై వంగదు. అడుగున్నర ఎత్తున్నప్పుడే చివర్లు తుంచాలి. అడుగు పెరిగిన ప్రతిసారీ కాస్త తుంచుతూ పైకి తీసుకుపోవాలి. అప్పుడే కింది నుంచి కొమ్మలు వస్తాయి. రెండోది, కంచె అడుగున వెడల్పు, పైన సన్నం ఉండాలి. మన దగ్గర అంతా తలకిందులు. పైన గొడుగులా విచ్చుకుని కింది ఆకుకు ఎండ తగలనివ్వదు. డురాంటా లాంటి చిన్నాకుల కంచెకు వరస కోత తప్పు కాదు, దాన్ని అందుకే నాటుతాం. నా గొడవల్లా పూల మొక్కలను కూడా కంచె లెక్కన కోయడం మీదే.

ఖబ్రస్తాన్ దగ్గరికి వస్తే వాదన మారుతుంది. "అక్కడ పాములుంటాయి భాయ్, కోయకపోతే ఎలా?" అంటారు. భయం సచ్చాదే. మయ్యత్‌తో వచ్చినవాళ్లలో ముసలివాళ్లు ఉంటారు, రాత్రి పూట దఫన్ జరుగుతుంది. కాని పైన డబ్బాలా కోసి కింద చెత్త, ఎండాకు, గడ్డి అలాగే వదిలేస్తే పాముకు ఏం అడ్డు? చేయాల్సింది దానికి ఉల్టా. పొద కింది కొమ్మలను నేల నుంచి అడుగున్నర దాకా మొదట్లో తీసేయండి, కింద ఊడ్చి నేల కనబడేట్టు ఉంచండి. పైభాగం వదిలేయండి. కింద వెలుతురు పడుతుంది, దారి కనబడుతుంది, పైన నీడ మిగులుతుంది. ఖబర్ల మీద మొక్కల గురించి మస్లకీ బహస్ నా పని కాదు. దారి పక్కన, ప్రహరీ వెంట ఉన్న మొక్కల సంగతే నేను చెబుతున్నది.

అక్కడే ఇంకో ఖతరా ఉంది. చాలా ఖబ్రస్తాన్లలో గన్నేరు, పచ్చగన్నేరు ఉంటాయి. వాటి ఆకు, కొమ్మ, పువ్వు, పాలు అన్నీ విషమే. కోసినప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవాలి, తర్వాత చేతులు, కత్తెర కడగాలి. కోసిన కొమ్మలను కాల్చకూడదు, పొగ కూడా విషమే. ముఖ్యంగా ఆ కొమ్మలను గోడ అవతల పారేయకండి. బక్రీద్ ముందు మన వీధుల్లో ఎన్ని మేకలు, పొట్టేళ్లు కట్టేసి ఉంటాయో తెలుసు కదా. ఎండిన గన్నేరాకు కూడా జానవర్ ప్రాణం తీస్తుంది.

ఇంకొకటి, కత్తెర పెట్టే ముందు పొద లోపల ఒక్కసారి చూడండి. బుల్‌బుల్ మన ఛాతీ ఎత్తు పొదల్లోనే గూడు కడుతుంది. ఆకులను నారతో కుట్టి గూడు చేసుకునే చిన్న పిట్ట ఉంది, దాని గూడు దగ్గరికి వెళ్తే గాని కనబడదు. వేసవిలో వాటికి పిల్లలుంటాయి. మెషిన్‌కు కళ్లు ఉండవు. గూడు కనబడితే ఆ పొదను నెల రోజులు వదిలేస్తే మన ఈద్‌కు ఏం కమ్మీ రాదు.

"సఫాయి ఈమాన్‌లో భాగం కదా, నువ్వు కోయొద్దంటావేంటి?" అని ఎవరైనా అడగొచ్చు. రాలిన ఆకు ఊడ్చండి, ఎండుపుల్ల తీయండి, దారికి అడ్డొచ్చే కొమ్మ తీయండి. ఇది సఫాయి. బతికున్న కొమ్మలన్నీ ఒకే గీతకు నరకడం సఫాయి ఖాతాలో రాయలేం.

"పైసలు ఎక్కడివి?" అనేది ఇంకో సవాల్. లెక్క వేసి చూడండి. డబ్బా ఆకారం నిలబెట్టాలంటే వానాకాలంలో నెలకోసారి మెషిన్ రావాలి. చేతి కత్తెరతో సరిగ్గా చేస్తే ఒక్కో పొదకు ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. ఒక మంచి చేతి కత్తెర, రెండు అలుగులు పక్కపక్కగా జారేది, నలిపేది కాకుండా చూసి కొనండి. బొటనవేలంత లావు దాటిన కొమ్మలకు ఒక చిన్న రంపం. తెగులున్న మొక్క నుంచి ఇంకోదానికి వెళ్లే ముందు అలుగు తుడవడానికి కాస్త స్పిరిట్. ఈ సామాను ఏళ్ల తరబడి నడుస్తుంది. ఒక వరస గోరింట పీకి టైల్స్ వేసిన ఖర్చు ముందు ఇదెంత?

మాలీ భాయ్ మీద నాకు కోపం లేదు. ఆయనకు మనం చెప్పింది "జల్దీ కానివ్వు, లెవల్‌గా ఉండాలి" అని. గంటకింత అని మజ్దూరీ మాట్లాడి, నేల మీద ఎంత ఆకు పడిందో చూసి పని జరిగిందో లేదో తేల్చేది మనమే. నాలుగు కొమ్మలు మాత్రమే తీసి "చాలు సాబ్" అన్న మాలీని మనం కామ్‌చోర్ అంటాం. అతనే అసలు హునర్ ఉన్నవాడేమో ఆలోచించం. దర్జీకి గుడ్డ ఎంత కోశాడని చూసి కూలీ ఇస్తామా? తొడుక్కున్నాక ఎలా కూర్చుందో చూసి ఇస్తాం. మాలీకీ అదే ఇన్సాఫ్ కావాలి.

మన బుజుర్గులు బాగ్ అనే మాటను ఊళ్ల పేర్లలో దాచి వెళ్లారు. హైదరాబాద్‌లో బషీర్‌బాగ్, బాగ్ లింగంపల్లి, ఇబ్రహీంబాగ్. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు పాత పేరు బాగ్-ఎ-ఆమ్. చార్‌బాగ్ కట్టినవాళ్లకు నీళ్లు, నీడ, పూలు ఇమారత్‌తో సమానం. ఆ బాగుల్లో చాలావాటిలో ఇప్పుడు పేరు మిగిలింది, మొక్క లేదు. మన చిన్న చిన్న సహన్లు కూడా ఆ దారినే పోకూడదన్నదే నా ఫికర్. పొద పోయిన చోట టైల్ వస్తుంది. టైల్ వచ్చిన చోట నీడ పోతుంది, వాన నీళ్లు భూమిలోకి ఇంకవు, పిట్ట రాదు. పది రూపాయల మొక్క పోయిందనుకుంటాం గాని, పోయింది వచ్చే తరం కూర్చోవాల్సిన నీడ.

కాబట్టి కమిటీ పెద్దలకూ, ఇంటి పెద్దలకూ అదబ్‌తో మూడు గుజారిష్‌లు. ఒకటి, మొక్కల కోతను ఈద్ పనుల జాబితా నుంచి తీసేయండి. దానికి వేరే క్యాలెండర్ పెట్టండి, వుజూఖానా గోడ మీద నమాజ్ టైమ్‌టేబుల్ పక్కనే అతికించండి. రెండు, పూల మొక్కల దగ్గరికి మెషిన్ రానివ్వకండి. మూడు, మహల్లాలో షౌక్ ఉన్న ఇద్దరు పిల్లలను మాలీ భాయ్ వెంట పెట్టి నేర్పించండి. మగపిల్లలైనా, ఆడపిల్లలైనా. మొక్కను చూసి ఏ కొమ్మ ఉంచాలో తేల్చుకోవడం నేర్చినవాళ్లు కత్తెర పట్టడం ఒక్కటే నేర్చుకోరు, నిదానం కూడా నేర్చుకుంటారు.

  అక్టోబర్‌లో గులాబ్, డిసెంబర్‌లో మోతియా, ఫిబ్రవరిలో మందారం. ఇలా వాటి వాటి వేళకు కత్తెర పడితే, ఇన్షా అల్లాహ్, ఈద్ నమాజ్‌కు వచ్చినవాళ్లు చెప్పులు విడిచే చోటే మోతియా వాసన పలకరిస్తుంది. ఆ వారం మాత్రం కత్తెరకు సెలవు ఇవ్వండి.